జ్వరమొస్తే ముందు ఒళ్లు చూడండి

కందిచేలల్లో కలుపు మొదలైందంటే మా బషీరాబాద్ మండలంలో జ్వరాలు మొదలైనట్టే. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన నన్ను ఇప్పటికీ ఆడవాళ్లు వచ్చి సలహా అడుగుతారు. నేను అడిగేది ఒకటే: "ఒంటి మీద ఎక్కడన్నా నల్ల పొక్కు ఉన్నదా?" లేదనే అంటారు. నిజానికి చూసుకోనే చూసుకోరు.

మొన్నటి వానకాలం ఒక పెద్దమ్మను కోడలు పట్టుకొచ్చింది. వారం దాటిన జ్వరం, కళ్లెర్రబడ్డాయి, తల పగిలిపోతుందంటుంది. అప్పటికే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయని రోజూ రక్తం తీశారు, సెలైన్లు ఎక్కించారు, సెఫ్ట్రియాక్సోన్ సూదులు వేశారు. బిల్లు పెరిగింది గానీ జ్వరం దిగలేదు. తలుపేసి, నడుము దగ్గర చీర సడలించమన్నాను. లంగా నాడా కింద కనబడింది: గోరంత నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు, బీడీతో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. "నాడా ఒరుసుకున్నది బిడ్డా" అన్నది పెద్దమ్మ. వెంటనే సర్కారు దవాఖానకు పంపాను. డాక్టరు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది.

అది స్క్రబ్ టైఫస్. గట్ల మీది గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే చోట చిగ్గర్ అనే పురుగు పిల్లలుంటాయి. కంటికి ఆనవు. అవి కుట్టిన పది రోజులకు అటూ ఇటుగా జ్వరం వస్తుంది. ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి కాబట్టే డెంగీ అని పొరబడతారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఏటా పిల్లల్ని పొట్టనబెట్టుకున్న మెదడువాపుకు ఇదే పెద్ద కారణమని పరిశోధకులు తేల్చారు. పెద్దమ్మకు వేసిన సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులకు ఈ జబ్బు తెచ్చే క్రిమి లొంగదు. డాక్సీసైక్లిన్‌కో అజిత్రోమైసిన్‌కో లొంగుతుంది. పరిస్థితి విషమించినవాళ్లకు రెండూ కలిపి ఇస్తే మేలని 2023లో మన దేశంలోనే జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది.

అమెరికాలో లైమ్ జబ్బుదీ దాదాపు ఇదే కథ. అక్కడ కుట్టేది చిగ్గర్ కాదు, జింకల మీదుండే పిడుదు. 1975లో కనెక్టికట్‌లోని లైమ్ ప్రాంతంలో పిల్లలకు కీళ్లు వాస్తుంటే తల్లులు పట్టుబట్టి ఆరోగ్యశాఖను కదిలించారు. 1982 నాటికి క్రిమి దొరికింది. ఇప్పుడు ఒంటి మీద గుండ్రటి ఎర్ర మచ్చ పాకుతూ కనబడితే అక్కడి డాక్టర్లు రక్తపరీక్ష కోసం ఆగరు, మందు మొదలుపెడతారు. ఆ మందూ ఎక్కువగా డాక్సీసైక్లినే. న్యూజెర్సీలో ఉన్న మా అక్క కొడుకు, పిల్లలు పార్కు నుంచి రాగానే చంకలు, చెవుల వెనక, మోకాళ్ల వెనక వెతుకుతానని చెప్తుంటాడు. మన కూలి తల్లి చేను నుంచి వస్తే వెతికేవాళ్లేరి?

అనుమానముంటే పరీక్షా ఫలితం కోసం ఎదురుచూడకుండా వైద్యం మొదలుపెట్టమని ఐసీఎంఆర్ 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఖరీదు కూడా కాదు, డాక్సీసైక్లిన్ మాత్ర కొన్ని రూపాయల్లో దొరుకుతుంది. లేనిదల్లా చూసే ఓపిక, చూసేందుకు చాటు. నలుగురు మగవాళ్లు కూర్చున్న గదిలో ఏ ఆడమనిషి నడుము చూపిస్తుంది? ఈ పొక్కు వచ్చేది గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, నడుము మడతల్లో. పొక్కు అందరికీ రాదన్నదీ నిజమే. అందుకే పొక్కు లేదని కొట్టిపారేయకూడదు, పొలం పని చేశారా అని అడగాలి.

వికారాబాద్ జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం: వానకాలం మొదలు చలికాలం దాకా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పరదా కట్టించండి, దాని వెనక ఒక ఆడ నర్సును పెట్టండి. అయిదు రోజులు దాటిన ప్రతి జ్వరానికీ నడుము నుంచి చంకల దాకా చూడమని చెప్పండి. అక్కలారా, చేను నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి, విప్పిన బట్టల్ని పొదల మీద ఆరేయకండి. జ్వరమొచ్చి దవాఖానకు పోతే పొక్కు ఉన్న చోటు సిగ్గుపడకుండా చూపించండి.