ఆటలో అరటిపండు

చిన్నప్పుడు మీరందరూ దొంగాట ఆడే ఉంటారు. ఆ గుంపులో అందరికంటే చిన్నవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడు వేగంగా పరుగెత్తలేడు. దాక్కోవడం కూడా సరిగా రాదు. దాక్కున్న చోటి నుంచి తనే నవ్వి దొరికిపోతాడు. వద్దని పంపిస్తే ఏడుస్తాడు. ఆ ఏడుపు విని ఇంట్లోంచి అమ్మో అవ్వో బయటికి వస్తే ఆట మొత్తం ఆగిపోతుంది. అందుకని పెద్దపిల్లలు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వాడు అందరితో పాటు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, దాక్కోవచ్చు. దొరికినా దొంగ కానక్కర్లేదు. వాడు 'ఆటలో అరటిపండు'.

తమిళంలో ఇదే ఏర్పాటును 'ఒప్పుక్కు చప్పాణి' అంటారు. కంబంలో తెలుగు ఇళ్ల పిల్లలకు రెండు మాటలూ తెలుసు. చప్పాణి అంటే కాలు చాలనివాడు. ఆ మాటకన్నా మన అరటిపండే మేలని నా అభిప్రాయం. పేరు ఏదైనా రెండు భాషల పిల్లలూ ఒకే సంగతి కనుక్కున్నారు. ఆట రానివాడికి కూడా ఆటలో ఒక చోటు కావాలి.

ఈ ఏర్పాటును మరీ మెచ్చుకోనక్కర్లేదు లెండి. అరటిపండుగా ఉండటం ఎవరికీ ఎక్కువకాలం ఇష్టం ఉండదు. "నేను నిజంగానే ఆడతాను, దొరికితే నేనే దొంగను" అని వాడు పట్టుబట్టే రోజు ఒకటి వస్తుంది. మొదటిసారి దొంగ అయి, గోడకు ముఖం పెట్టి అంకెలు లెక్కపెట్టేటప్పుడు వాడికి కలిగే గర్వం ఆ తరవాత ఎన్ని గెలుపులు వచ్చినా కలగదు. కాని ఆ రోజు వరకు వాడు గట్టు మీద కూర్చుని ఉండలేదు. ఆటలో పరుగెత్తుతూనే ఆట నేర్చుకున్నాడు.

గత వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా పక్కింటి అబ్బాయి మా అరుగు మీద కూర్చుని సెల్‌ఫోనులో ఆడుతున్నాడు. వాడు తొమ్మిదో తరగతి. అది నలుగురు ఒక జట్టుగా ఆడే తుపాకుల ఆట. ఆ నలుగురిలో ఎవరూ ఎవరి ముఖమూ చూసినవారు కారు. ఆడుతూ మాట్లాడుకోవడానికి మాత్రం వీలుంది. ఆ ఆటలో గుండు తగిలినవాడు వెంటనే చనిపోడు. మోకాళ్ల మీద కూలబడతాడు. జట్టువాడు ఒకడు దగ్గరికి వచ్చి కొన్ని క్షణాలు నిలిస్తే మళ్లీ లేస్తాడు. మావాడు కూలబడ్డాడు. "అన్నా, లేపండన్నా, నేను కూడా వస్తా ఉండా" అని బతిమాలుతున్నాడు. ఫోనులోంచి నవ్వు వినిపించింది. "నూబ్‌గాడు, వదిలేయండి" అన్నాడొకడు. "వస్తా ఉండా అంట! నీది ఏ ఊరి తెలుగురా?" అన్నాడు ఇంకొకడు. ముగ్గురూ ముందుకు వెళ్లిపోయారు. మావాడు ఫోను అరుగు మీద బోర్లా పెట్టి, కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను వినలేదన్నట్టు పత్రిక తిరగేశాను.

నూబ్ అనే మాటకు మూలం ఇంగ్లీషులోని న్యూబీ. దానికి అర్థం కొత్తవాడు అని మాత్రమే. కొత్తవాడు అనడమే తిట్టుగా మారిన చోట ఎవరైనా ఎలా నేర్చుకుంటారు? తిట్టేవాళ్లందరూ ఒకప్పుడు కొత్తవాళ్లే కదా!

తిట్టేవాళ్ల పక్షం కూడా వినాలి. వాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. ఎన్నో గంటలు శ్రమపడి ఒక స్థాయికి వచ్చారు. జట్టులో ఒకడు తెలియక తలుపు తెరిస్తే నలుగురూ ఓడిపోతారు. నలుగురి స్థాయీ కిందికి దిగుతుంది. వీధిలోని దొంగాటలో అరటిపండు వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ నష్టం ఉంది. కోపం రావడం సహజమే. అయితే ఆ కోపం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలంటే ఈ స్థాయి లెక్కలు ఎలా నడుస్తాయో కొంచెం చూడాలి.

చదరంగం ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే పద్ధతిని అర్పాద్ ఎలో అనే ఆయన తయారుచేశాడు. ఆయన హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఆ పద్ధతిని 1970లో స్వీకరించింది. ఇద్దరి అంకెల మధ్య 200 తేడా ఉంటే, నాలుగు ఆటల్లో సుమారు మూడు ఆటల ఫలితం పెద్ద అంకెవాడికి దక్కుతుందని లెక్క. 400 తేడా ఉంటే పదకొండింట పది. నేడు ఫోనుల్లో, కంప్యూటర్లలో పోటీగా ఆడే అనేక ఆటలు ఈ లెక్కనో, దీని తరహా లెక్కనో వాడి సమానమైన వాళ్లను ఎదురెదురుగా నిలుపుతాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. నీవు మెరుగుపడితే నీకు ఎదురయ్యేవాళ్లూ మెరుగైనవాళ్లే అవుతారు. కనుక ఎంత నేర్చినా ఇంచుమించు సగం ఆటలు ఓడుతూనే ఉంటావు. లెక్క సరిగా పనిచేస్తున్నదనడానికి గుర్తు అదే. కాని ఓడేవాడికి అలా అనిపించదు. "నేను బాగానే ఆడాను, పక్కవాడే చెడగొట్టాడు" అనిపిస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఈ ఆటల్లో ఆ మద్దెల పక్కనున్న కొత్తవాడు.

ఎగతాళి చేసేవాళ్లు గొప్ప ఆటగాళ్లేనా అన్నది మరో ప్రశ్న. కసుమోవిచ్, కుజ్నెకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు హేలో 3 అనే తుపాకుల ఆటను గమనించి 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. జట్టులో ఆడగొంతు వినిపించినప్పుడు ఎక్కువ దురుసుగా మాట్లాడినవాళ్లు నైపుణ్యం తక్కువగా ఉన్న మగ ఆటగాళ్లని అందులో తేలింది. వాళ్లే మగగొంతు వినిపిస్తే అణిగి ఉన్నారు. నైపుణ్యం ఎక్కువ ఉన్నవాళ్లు ఆడగొంతుతో మర్యాదగానే మాట్లాడారు. ఇది ఒక్క ఆట గురించిన పరిశీలన. దీనితో లోకమంతటినీ కొలవకూడదు. అయినా మనం చూసేదానికి ఇది దూరంగా లేదు. నిచ్చెన మధ్యమెట్టు మీద వణుకుతూ నిలబడ్డవాడే కింది మెట్టువాణ్ని కాలితో తోస్తాడు.

పైమెట్టు మీద ఉన్నవాళ్లు ఎలా ఉంటారో చూద్దాం. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ చదరంగ విజేత అయ్యాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. ప్రత్యర్థి చైనాకు చెందిన డింగ్ లిరెన్. అంతకుముందు ఏడాదికి పైగా డింగ్ ఆట బాగా దెబ్బతిన్నది. ఈ పోటీ ఏకపక్షంగా ముగుస్తుందని చాలామంది ముందే తీర్పు చెప్పేశారు. కాని మొదటి ఆట డింగ్ గెలిచాడు. పోటీ చివరిదైన 14వ ఆట దాకా సాగి, ఏడున్నర - ఆరున్నరతో తేలింది. గెలిచిన గుకేశ్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. పావులను తిరిగి వాటి గళ్లలో సర్దాడు. తరవాత విలేకరుల ముందు కూర్చుని డింగ్ నిజమైన విజేతలా పోరాడాడని మెచ్చుకున్నాడు. అందరూ చులకన చేసినవాడి చేతిలో దెబ్బతిని గెలిచినవాడికే ఆ చులకన ఎంత తప్పో బాగా తెలుస్తుంది.

చదరంగం పోటీల్లో ఒక మంచి అలవాటు ఉంది. ఆట ముగిశాక ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎత్తులన్నీ మళ్లీ వేసి చూసుకుంటారు. "ఇక్కడ గుర్రాన్ని కదపకుండా ఉంటే నేను చిక్కుల్లో పడేవాణ్ని" అని గెలిచినవాడు ఓడినవాడికి చెబుతాడు. అక్కడ మాట ఎత్తు మీదే ఉంటుంది, మనిషి మీద ఉండదు. ఫోను ఆటల్లో ఓడిన మరుక్షణం కొత్త ఆట మొదలవుతుంది. కొత్త ముగ్గురు వస్తారు. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేవాడు ఉండడు, తిట్టినవాడు ఎవరో కూడా తెలియదు. మరునాడు వీధిలో ఎదురుపడే భయం లేనప్పుడు నోటికి హద్దు ఉండదు.

మరికొందరు బాగా ఆడేవాళ్లు ఇంకో పని చేస్తారు. తమ స్థాయి దాచి, కొత్త పేరుతో మరో ఖాతా తెరిచి, నేర్చుకునేవాళ్ల మధ్యకు దిగుతారు. ఎడాపెడా గెలిచి మురిసిపోతారు. పదో తరగతివాడు వచ్చి ఒకటో తరగతి పరుగుపందెంలో బహుమతి కొట్టేసినట్టు! దాన్ని నైపుణ్యం అనడానికి నాకు మనసు ఒప్పదు.

మన చెడుగుడు చూడండి. మైదానంలో జట్టుకు ఏడుగురు. బలహీనుడు ముందే ఔటై గీత అవతల కూర్చుంటాడు. కాని అతని కథ అక్కడితో ముగియదు. జట్టువాడు కూతకు వెళ్లి ఒకరిని తాకి వస్తే, బయట కూర్చున్నవాళ్లలో ఒకడు తిరిగి లోపలికి వస్తాడు. అది కూడా బయటికి వెళ్లిన వరుసలోనే. ముందు పడ్డవాడు ముందు లేస్తాడు. అతను ఆటలో గట్టివాడా కాదా అని నియమం అడగదు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరిన ఈ ఆటను పల్లెటూరి ఆట అని తక్కువగా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పడ్డవాణ్ని లేపడం గెలుపులో భాగమని ఈ ఆట ఏనాడో నియమంగా పెట్టుకుంది. నిజానికి మావాడి ఫోను ఆటలో కూడా ఆ వీలు ఉంది. నియమం ఉంది గాని ముగ్గురిలో ఒకడికీ మనసు లేకపోయింది.

ఆ రోజు వాణ్ని ఎక్కువగా బాధపెట్టింది నూబ్ అన్న మాట కాదు. ఆ సంగతి నాకు రెండు రోజుల తరవాత తెలిసింది. "తాతా, మనది తెలుగు కాదా?" అని అడిగాడు. మధుర నాయకుల కాలం నుంచి ఈ దక్షిణాన తెలుగు ఇళ్లు ఉన్నాయి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. రెండూ ఒకదానికొకటి రాసుకుని మన మాట తయారైంది. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో చూసేవాడికి అది తప్పుల తడకలా కనిపించవచ్చు. ఇన్ని తరాలు బడి లేకపోయినా, పుస్తకం దొరకకపోయినా నోటి నుంచి నోటికి నిలిచిన మాట అది. దానికి స్థాయి లెక్క వేసి కింది మెట్టు మీద కూర్చోబెట్టడం కూడా ఆ ఆటలోని దర్పం లాంటిదే. ఇది చెబుతూ నేను తప్పించుకోలేను. తరగతిలో 'శ'కు 'స' పలికిన పిల్లల్ని చూసి నవ్విన మాస్టర్లలో నేనూ ఒకణ్ని. వాళ్లలో ఒకమ్మాయి ఆ సంవత్సరమంతా మళ్లీ లేచి పాఠం చదవలేదు. అప్పుడు నాకు అది క్రమశిక్షణ అనిపించింది.

నీరు పల్లమెరుగు అంటారు. చులకన కూడా అంతే, కిందికే పారుతుంది. పదిరోజులకు మావాడి పిన్ని కూతురు సెలవులకు కోయంబత్తూరు నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. అరుగు మీద వాడి పక్కన చేరి ఫోనులోకి తొంగిచూస్తూ, తనకూ నేర్పమంది. "పోవే నూబ్, నీవల్ల నా ర్యాంకు పోతుంది" అన్నాడు. సరిగ్గా అవే మాటలు, అదే నవ్వు. పెరియారు ఆనకట్ట కట్టి, పడమటికి పోయే నీటిని కొండ తొలిచి 1895లో మన లోయకు మళ్లించారని వాడికి పాఠం చెప్పింది నేనే. నీటిని మళ్లించవచ్చునని ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? అయినా ఆ క్షణంలో ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను.

ఆ పిల్ల మాత్రం ఊరుకోలేదు. "అయితే అరటిపండుగా చేర్చుకో అన్నా" అంది.

"ఈ ఆటలో అరటిపండు లేదు" అన్నాడు వాడు.

నేను లోపలికి వెళ్లి కాఫీ తాగుతున్నాను. కాసేపటికి అరుగు మీద నుంచి వాడి అరుపులు వినిపించాయి. "అటు కాదు, చెట్టు వెనక్కి! వంగు, వంగు! పడ్డావా? పరవాలేదు, ఉండు." బయటికి వచ్చి చూస్తే ఫోను ఆ పిల్ల చేతిలో ఉంది.