ప్రకటన ఎవరికి కావాలి?

కాలంతోపాటు ప్లీడరు కూడా మారాలనే వాదన ఇప్పుడు విశాఖపట్నం బారులో గట్టిగా వినబడుతోంది. మారడమంటే ఏమిటయ్యా అంటే, కొత్త చట్టాలు చదవడం కాదు; కార్మికుడికి అర్థమయ్యే భాషలో నోటీసు రాయడం నేర్చుకోవడమూ కాదు. గూగుల్‌లో మన ఆఫీసు పేరు పైవరుసలో రావాలి. యూట్యూబులో రెండు నిమిషాల వీడియో వుండాలి. ఈ పని చేసిపెట్టే కంపెనీకి నెలనెలా సొమ్ము కట్టాలి; గూగుల్ తన పద్ధతి మార్చినప్పుడల్లా మళ్ళీ కట్టాలి. ఇదీ అభివృద్ధి! కార్మికుల కేసులు చూసుకునే ప్లీడరుగా నేను యీ వాదనను ఒప్పుకోను. అయితే దీన్ని ఖండించడానికి పెద్దలు పాడే “ఉదాత్త వృత్తి” పాటకు కూడా వంత పాడను.

ఆ పాట సంగతి ముందు చూద్దాం. 1961 అడ్వకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్ చేసిన 36వ నిబంధన ప్రకారం ప్లీడరు ప్రకటనల ద్వారా, కరపత్రాల ద్వారా, దళారీల ద్వారా కేసులు పట్టకూడదు. పేరు బోర్డు కూడా మితమైన సైజులోనే వుండాలి. ఫలానా రకం కేసుల్లో ప్రవీణుణ్ణని దానిమీద రాసుకోకూడదు. 1975లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన దభోల్కర్ కేసులో, న్యాయవాద వృత్తి వర్తకం కాదని జస్టిస్ కృష్ణయ్యర్ అన్నారు. ఆ కేసులో ఆరోపణ ఎవరిమీద? బొంబాయి పోలీసు కోర్టు గుమ్మం దగ్గర కక్షిదార్లకోసం ఎగబడ్డారన్న ప్లీడర్లమీద. గుమ్మం దగ్గర ఎగబడడం తప్పే. కాని క్లబ్బులో పేకాట బల్ల దగ్గర, డైరెక్టరుగారి ఇంటి పెళ్ళిలో, బావమరిది సిఫార్సుమీద కంపెనీ కేసులు తెచ్చుకోవడం ఏనాడైనా తప్పయిందా? వున్నవాడికి ప్రకటనతో పనిలేదు. అందుకే ప్రకటన నీచమయింది.

2008లో నిబంధన కాస్త సడలింది. వెబ్‌సైటు పెట్టుకోవచ్చు, అందులో పేరు, చిరునామా, విద్యార్హతలతోపాటు ఏయే రంగాల్లో పనిచేసేదీ రాసుకోవచ్చు. బోర్డుమీద తప్పయినది తెరమీద ఇంచుమించు ఒప్పయింది. 2024 జులైలో మద్రాసు హైకోర్టు, ప్లీడర్లను సరుకుల్లా చూపించే వెబ్‌సైట్లమీద చర్య తీసుకోమంది. 2025 మార్చిలో, సినీనటులతో వీడియోలు చేయించుకోవడాన్ని బార్ కౌన్సిల్ గర్హించింది. మంచిదే. కాని వ్యాపారం ఆగిందా? ప్రకటన పేరు మార్చుకుని “అవగాహన” అయింది. వీడియో చివర ఫోను నంబరు మాత్రం అలాగే వుంది.

అలాగయితే నిబంధనే ఎత్తివెయ్యాలి గదా అంటారు మా కుర్ర మిత్రులు. పలుకుబడి లేనివాడికీ, మొదటితరంలో చదువుకున్న దళిత యువకుడికీ ఇదొక్కటే దారి గదా అంటారు. ఈ మాటలో బాధ నిజం, మందు అబద్ధం. గూగుల్‌లో ప్రకటనల చోటు వేలంలో అమ్ముడుపోతుంది. గాజువాకలో ఒంటిగది అద్దెకు తీసుకున్న జూనియరు, నాలుగంతస్తుల ఆఫీసుతో వేలంపాట పాడగలడా? పాడినా ఆ ఖర్చు చేరేది ఎక్కడికి? కక్షిదారు ఫీజులోకి. కన్యాశుల్కంలో రామప్పంతులు అగ్నిహోత్రావధాన్లును వ్యాజ్యంలో దింపి ఎలా పిండాడో మనం చదువుకున్నాం. పంతులైతే ఎదురుగా నిలబడేవాడు, నాలుగు తిట్టవచ్చు. ఇవాళ్టి దళారీ కాలిఫోర్నియాలో కూర్చుని, కోర్టు గుమ్మం తొక్కకుండానే వాటా పుచ్చుకుంటున్నాడు.

అసలు యీ ఉక్కునగరంలో ప్రకటన కావలసినది ప్లీడరుకు కాదు. 2025లో ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుమీద ఆందోళన జరిగింది. పని పోయిన మనిషి రాత్రిపూట సెల్‌ఫోనులో వెదికితే, ఎక్కువ సొమ్ము పెట్టినవాడి పేరు ముందు కనబడుతుంది. ముందుగా కనబడవలసినది మరొకటి వుంది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం, పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుమీద ప్లీడరును పొందే హక్కు వుంది. స్త్రీలకు వుంది. దళితులకు, గిరిజనులకు వుంది. పారిశ్రామిక దుర్ఘటనల బాధితులకు వుంది. 2020 మే 7న ఎల్.జి. పాలిమర్స్ విషవాయువు పీల్చిన వెంకటాపురం ప్రజలు యీ కోవలోని వారే. దీనికి 15100 అని ఒక ఫోను నంబరు కూడా వుంది. గేటు సమావేశాల్లో యీ నంబరు తెలుసునా అని నేనడిగితే, లేచే చేతులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

మరొక సంగతి. పనినుంచి తీసివేసిన కార్మికుడు తానుగా దావా వేసుకోవడానికి పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో మూడేళ్ళ గడువుండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్ళకు కుదించింది. ఒక ఏడాది ఎగిరిపోయింది! మల్కాపురంలో, పెదగంట్యాడలో గోడగోడకూ రాయవలసిన వార్త ఇది. ఏ మార్కెటింగు కంపెనీ రాస్తుంది దీన్ని? ఇందులో కమీషను లేదు.

సెల్‌ఫోనుకు నేను శత్రువును కాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీలోనూ, సబ్బవరం జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనూ చదువుతున్న విద్యార్థులు అదే ఫోనుతో, మన ఉత్తరాంధ్ర మాటల్లో, ఆ 12వ సెక్షను గురించీ రెండేళ్ళ గడువు గురించీ వీడియోలు తియ్యాలి. చివర తమ పేరుకు బదులు 15100 వెయ్యాలి. జీతం చీటీ వెనక యీ నంబరు అచ్చు వెయ్యమని యూనియన్లు యాజమాన్యాలను అడగాలి. ఇక కేసుల్లేని జూనియరు మాటంటారా, అతనికి న్యాయసేవాధికార సంస్థ ప్యానెలులో చోటిచ్చి, బతకగలిగినంత ఫీజు ఆలస్యం లేకుండా ఇమ్మని బారు అసోసియేషన్లు పోరాడాలి. ఈ తీర్మానాన్ని రాబోయే సర్వసభ్య సమావేశంలో నేనే ప్రతిపాదిస్తాను, బలపరచేవారెవరో చూస్తాను.