పరుల చేతి తాళపుచెవి

2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించినంతనే, మైక్రోసాఫ్టు సంస్థ గుజరాతులోని నయారా చమురు కంపెనీకి ఈ-మెయిలు సేవలను నిలిపివేసినది. మన న్యాయస్థానము లేవియు అట్లాజ్ఞాపింపలేదు. కంపెనీ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మటనే సేవలు తిరిగి లభించినవి. ఇంతటి కంపెనీకే యీ గతి పట్టినప్పుడు సామాన్యుల మాట యేమి? బందరు, గుడివాడ న్యాయవాదులు తమ కక్షిదారుల రహస్యములను ఎవరి పెట్టెలో దాచుచున్నారో విచారించుకొందురుగాక!

సొంత సర్వరు ఉప్పెనపాలు కాదా యని కొందరందురు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ మరువలేదు, మేమును మరువలేదు. యంత్రము దూరమున నుండవచ్చును, అద్దెదియు కావచ్చును. కాని డొమైను పేరు మనదై యుండవలెను. ఉత్తరముల నకలు మనచేత నుండవలెను. వలదన్ననాడు వేరొకచోటికి మారు వీలుండవలెను. అద్దెకిచ్చువాడు స్వదేశీయుడైనను ఈ నియమము తప్పదు. ఈ మూడును లేని సౌకర్యము ఎంత చౌకయైనను మనకు వలదు.