వానకాలపు మహానగరము

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు మన రైతు ఆకాశమువంక చూచుచుండును. మబ్బు కమ్మినచో అతని మొగము వికసించును. తొలకరి పడినచో నాగలి కదలును. వాన వారము దినములు వెనుకాడినచో ఊరెల్ల దిగులుపడును. ఆ మబ్బే పడమటి కనుమల కావలనున్న ముంబయి మహానగరమును క్రమ్మినపుడు లక్షలాది యిండ్లలో గుండె లదరుచున్నవి. ఇల్లాలు చాపలను, బియ్యపు డబ్బాలను అటకమీది కెక్కించును. కూలివాడు నేటికి పని దొరకునో దొరకదో యని వీథిమొగమున నిలుచును. పల్లెలో వరమైన వాన పట్టణమున శాప మేల యగుచున్నది? ఈ ప్రశ్నను నేడు మేము విచారింప దలచితిమి. దోషము వానది కాదనియు, నీటిత్రోవ నాక్రమించిన మనుష్యులదే యనియు, ఆ దోషమునకు మూల్యము మాత్రము నిర్దోషులైన బీదలు చెల్లించుచున్నారనియు మా నిశ్చయము.

ముంబయితో మనకేమి సంబంధ మని యెవరైన నడుగవచ్చును. ఆ నగరపు మేడలకు రాళ్లు మోసినవారిలో తెలంగాణమునుండి వలసపోయిన కామాఠీ లుండిరి. కామాఠిపురమను పేట నేటికిని వారి పేరు మోయుచున్నది. పరేలు, వర్లీ ప్రాంతముల నూలుమిల్లులలో మన పద్మశాలీలు తరములపాటు మగ్గములు నడిపిరి. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా జన్మించినది ఆ నగరముననే. పాలమూరు, కరీంనగరము జిల్లాలనుండి కట్టడపు పనులకు పోవువారి బాట నేటికిని చెఱిగిపోలేదు. అచ్చట కురిసిన వాన మన యింటి చూరునుండి గూడ కారుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

2005 జూలై 26వ తేదీని ముంబయివాసులు మఱవలేరు. ఆనాడు శాంతాక్రూజు వాతావరణ కేంద్రమున ఇరువదినాలుగు గంటలలో 944 మిల్లీమీటర్ల వాన నమోదయ్యెను. పాతలెక్కను ముప్పదియేడు అంగుళములు. హైదరాబాదున ఏడాది పొడుగున కురియు సగటు వానకంటె ఇది యెక్కువ. అనంతపురము రైతునకు ఏడాదిన్నరకు గూడ దక్కని వాన. రైళ్లు నిలిచిపోయినవి. జనులు మొలలోతు నీటిలో రాత్రియెల్ల నడచి యిండ్లు చేరిరి. కార్ల తలుపులు తెఱచుకొనక లోపలనే ఊపిరాడక మరణించినవా రుండిరి. ఆ వానలకు మహారాష్ట్రమున వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

అట్టి మహోపద్రవము అరుదుగ వచ్చునది. దానినిగూర్చి మాత్రమే మేము వ్రాయుటలేదు. జూను మొదలు సెప్టెంబరు వఱకు, ఏటేట రెండువేల మిల్లీమీటర్లకు మించి కురియు వానలో, సామాన్యుడు గడపు నాలుగు మాసముల బ్రదుకును పాఠకుల యెదుట నుంచ దలచితిమి. ఉపద్రవమునకు వార్తాపత్రికలలో చోటు దొరకును, నిత్యకష్టమునకు దొరకదు.

ఆ నగరపు ప్రాణము లోకల్ రైలు. దినమునకు డెబ్బదిలక్షల ప్రాంతపు ప్రయాణములు దానిమీద సాగుచున్నవి. కుర్లా, సాయను ప్రాంతములలో పట్టాలపై నీరు నిలిచినదా, బండి నిలిచినదే. ఉద్యోగికి సగము దినము పోవును; దినకూలికి దినమంతయు పోవును. నెలజీతగాడు ఆలస్యమునకు చీవాట్లు తిని యూరకుండును. నాకాలవద్ద ప్రొద్దుననే గుంపుగూడి మేస్త్రీ పిలుపునకై వేచియుండు కూలివానికి వానదిన మనగా వంట లేని దినమే. పునాది గుంటలో నీరున్నచో పనిలేదు, పనిలేనిచో కూలిలేదు, కూలి లేకున్నను ఖోలీ అద్దె మాత్రము తప్పదు. తోపుడుబండిమీద కూరగాయల నమ్ముకొనువానికి సరకు కుళ్లును; వీథిలో చెప్పులు కుట్టువానికి బేరముండదు. వాన పన్నువంటిది, అయితే ఈ పన్ను ఆస్తి పెరిగినకొలది తగ్గుచు, లేమి పెరిగినకొలది హెచ్చుచుండును.

ఇంటి సంగతి చెప్పవలసినచో, ప్రతి సంవత్సరము మే మాసమున బస్తీలపై నీలిరంగు టార్పాలినులు పఱచుకొనును. అవియే బీదవాని కప్పు. 2011 జనగణన ప్రకారము నగరజనమున నూటికి నలువదిమందికి మించి మురికివాడలలో నివసించిరి. గోడలు చెమ్మగిలి బూజుపట్టును, బట్ట లాఱవు, పసిపిల్లల దగ్గు తగ్గదు. మురుగు, వాన కలిసిన నీటిలో ఎలుకల మూత్రము చేరుటచే లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వ్యాపించుచున్నది. కాలిమీది చిన్నపుండు చాలును, వ్యాధి చొచ్చుటకు. 2005 వఱద తరువాత ఆ జ్వరము పెక్కుమందిని బలిగొనెను. మలేరియా, డెంగ్యూ జ్వరములు వానకాలపు చుట్టములు.

మృత్యు వొక్కొక్కప్పుడు బీద, ధనిక భేదము నెంచదు. 2017 ఆగస్టు 29వ తేదీని నగరము మునిగినపుడు ఒక పేరెన్నికగన్న వైద్యుడు నీట మఱుగుపడిన మ్యాన్‌హోలులో పడి కొట్టుకొనిపోయెను. నీరు త్వరగా తీయుటకై మూత తెఱచియుంచిరట! ఆ మఱుసటి నెలలోనే, వానకు తలదాచుకొనవచ్చిన జనముతో ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను వంతెన క్రిక్కిఱిసి త్రొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 జూలైలో మలాడున కొండప్రక్క జలాశయపు ప్రహరీగోడ అర్ధరాత్రి కూలి, దాని నానుకొనియున్న గుడిసెలపై పడెను. ఇరువదిమందికి మించి సమసిరి. గోడ నీడను కాపురముండవలెనని వారు కోరుకొనిరా? నగరమునకు వారి చేతులు కావలెను. వారికి కాలూనుకొను చోటు మాత్రము నగర మియ్యలేదు.

ఇక కారణములను విచారింతము. ఏడు దీవుల నడుమనున్న సముద్రపు పాయలను పూడ్చి యేకము చేసిన నగరమిది. పూడ్చిన నేల పెక్కుచోట్ల పోటునీటి మట్టమునకు దిగువన నున్నది. పాతకాలపు కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, అదియు సముద్రము పాటుమీదనున్న సమయమున, కురిసినదానిలో సగము నేలలో నింకునను లెక్కతో నిర్మింపబడినవి. నేడు ఇంకుటకు నేల యెక్కడ? సర్వము సిమెంటు. నాలుగున్నర మీటర్ల పోటు వచ్చినపుడు కాలువలలోని నీరు సముద్రమున పడుటకు మాఱుగా సముద్రమే కాలువలలోనికి వచ్చును. విహారు, పొవాయి చెఱువుల మిగులునీటిని మాహిము పాయలోనికి చేర్చు మిఠీనది యొకటి కలదు. దాని నిడివి పదునెనిమిది కిలోమీటర్ల ప్రాంతము. విమానాశ్రయపు రన్‌వే కొఱకు దాని నడక మార్చిరి. దాని ముఖద్వారముకడ మడ అడవుల బురదనేలను పూడ్చి బాంద్రా–కుర్లా వాణిజ్యకేంద్రమును లేపిరి. గట్లవెంబడి కార్ఖానాలు, గుడిసెలు వెలసినవి. గట్టుమీది గుడిసెను తొలగింప జూచువారు, నది నోటిలోని మేడను చూచి యేల మౌనము వహింతురో మాకు తెలియదు.

"ఆకాశము చిల్లుపడిన నెవ్వ రేమి చేయగలరు?" అని అధికారులు వాదింతురు. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. 2005లో శాంతాక్రూజున 944 మిల్లీమీటర్లు కురిసిన దినముననే దక్షిణమున కొలాబాలో 73 మిల్లీమీటర్లు మాత్రమే కురిసెను. మధ్యాహ్నము దక్షిణపు కార్యాలయములనుండి బయలుదేఱినవానికి ఉత్తరమున నేమి వేచియున్నదో తెలియదు. అట్టి వానను ఏ కాలువయు మోయజాలదని మేమును అంగీకరింతుము. కాని 1985లోనే ఆ నగరము మునిగెను. ఆ పాఠముతో కాలువల సంస్కరణకు 1993లో నివేదిక సిద్ధమయ్యెను. పండ్రెండేండ్లు అందలి పనులలో పెక్కు కాగితములపైననే నిలిచినవి. 2005 జలప్రళయము తరువాతనే నిధులు కదలినవి. మాధవ చితలే అధ్యక్షతను విచారణసంఘ మేర్పడినది. సముద్రతీరమున నీటిని తోడు పంపింగు కేంద్రములు వెలసినవి. హిందుమాతా ప్రాంతపు నీటిని నిలుపుటకు నేలక్రింద తొట్లు కట్టిరి. జరిగిన పనిని కాదనము. చేయదలచినచో చేయవచ్చునని అవియే చాటుచున్నవి. మఱి యిన్నిమంది చచ్చువఱకు ఏల చేయలేదు?

ధనము లేదందురా? 2025–26 సంవత్సరపు ముంబయి నగరపాలక సంస్థ బడ్జెటు డెబ్బదినాలుగువేల కోట్ల రూపాయలకు మించినది. లేనిది జవాబుదారీతనము. 2022 మార్చిలో పాలకవర్గపు గడువు తీఱిన పిదప మూడేండ్లకు పైగా ఎన్నికలు లేక, దేశమున మిక్కిలి సంపన్నమైన ఆ పురపాలన యొక అధికారి చేతిలో నడచెను. ఆ కాలమున తన వీథిలో నీరు నిలిచినపుడు నిలదీయుటకు పౌరునకు ప్రతినిధియే లేకపోయెను. 2025లో మిఠీనది పూడికతీత లెక్కలలో మోసము జరిగినదని పోలీసులు కేసు నమోదు చేసిరి. నిజానిజములు న్యాయస్థానము తేల్చవలసినవి. స్వరాజ్యమునకు పునాది స్థానిక స్వపరిపాలన మని జాతీయోద్యమ కాలమున మనము వల్లించితిమి. పరప్రభుత్వము తన కోటపేటకు మాత్రమే కాలువలు త్రవ్వినదని నాడు నిందించితిమి. ఇపుడు నిందించుటకు పరు లెవ్వరును లేరు.

ఇట్టి కష్టముల నడుమ ఆ నగరవాసులు చూపు సౌహార్దమును మెచ్చుకొనక తప్పదు. 2005లో అపరిచితులకు తలుపులు తెఱచి అన్నము పెట్టినవారు బస్తీలలోను, మేడలలోను ఉండిరి. మఱునాటికే పనులకు బయలుదేఱిరి. దీనికి "ముంబయి స్ఫూర్తి" యని పేరుపెట్టి ఏటేట పొగడుచున్నారు. ఈ పొగడ్తను మేము శంకింతుము. మఱునాడే పనికి పోయినవాడు ధైర్యముచే పోలేదు. పోకున్న పస్తు కావున పోయెను. ప్రజల యోర్పును కీర్తించుట పాలకులకు కాలువ త్రవ్వుటకంటె చవుక. ఓర్పు సద్గుణమే, కాని యొకరి సద్గుణము వేఱొకరి అలసత్వమునకు మఱుగు కారాదు.

పరుల యింటి దోషములను లెక్కించి తృప్తిపడుటకు ఇది వ్రాయలేదు. మన హైదరాబాదును చూడుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి వేలమందిని బలిగొన్న పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాను బట్టి 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తిచేసిరి. రాజులకాలమున వఱదకు చెఱువు కట్టిరి. మనము చెఱువును అమ్ముకొని వఱదను కొని తెచ్చుకొంటిమి. 2020 అక్టోబరులో గుఱ్ఱం చెఱువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగినవి. 2024 సెప్టెంబరు తొలినాళ్లలో బుడమేరు గండ్లుపడి బెజవాడ సింగునగరము దినములతరబడి నీట నానెను. వాగునకు తన త్రోవ జ్ఞప్తియందుండును. దస్తావేజులు వ్రాయువారికే అది గుర్తుండదు.

ఇచ్చట మా పాఠకులతో ఒకమాట నిర్మొగమాటముగ చెప్పవలసియున్నది. శిఖము భూమిని ప్లాట్లుగ కోసి యమ్మినవారిలో భూస్వాము లున్నారు. చవుకగ వచ్చినదని సంతోషించి కొనినవారిలో పట్టణపు పెద్దమనుష్యు లున్నారు. పొలమునకు పోవు కాలువను పొరుగువాడు అంగుళము పూడ్చినను కోర్టుకెక్కు మనము, నగరమున మడుగును పూడ్చి యిల్లు కట్టుట నేరమని యెంచము. ఎగువ కట్ట కట్టినచో దిగువ మునుగునని మన పాలేరునకు గూడ తెలియును. పల్లెలో నెఱిగిన ధర్మమును పట్టణమున మఱచుట తగదు.

కావున మూడు పనులు వెంటనే జరుగవలయును. చెఱువుల, వాగుల హద్దుల పటములు ప్రతి రిజిస్ట్రారు కచ్చేరి గోడమీద ప్రజలకు కానవచ్చునట్లు వ్రేలాడవలెను. ఆ హద్దులోని నేలకు రిజిస్ట్రేషను జరుగరాదు. చిన్నవాని గుడిసెకును పెద్దవాని మేడకును ఒకే నియమ ముండవలెను. నగరపాలక ఎన్నికలు గడువు తప్పక జరిగి, పూడికతీత లెక్కలు వార్డువారిగ ప్రకటింపబడవలెను. మూడవది మిక్కిలి ముఖ్యము. 1996 నాటి చట్టము ననుసరించి కట్టడముల వ్యయముపై నూటికి ఒక రూపాయి చొప్పున కార్మిక సంక్షేమనిధికి సుంకము వసూలగుచు వచ్చినది. గాలి చెడి పనులు నిలిపినపుడు ఢిల్లీలో నమోదైన కూలీలకు ఈ నిధినుండి భృతి నిచ్చిన సందర్భములు 2021 మొదలు కలవు. పొగకు నిలిచిన పనికి భృతి యీయదగినచో, వానకు నిలిచిన పనికి ఏల యీయరాదు? ముంబయిలోనేమి, హైదరాబాదులోనేమి, వఱదదినమున కూలివాని పొయ్యి వెలుగుటకు ఈ యేర్పాటు చాలును.

వానను ఆపగలవా రెవ్వరును లేరు. ఆపవలెనని రైతుబిడ్డ యెవ్వడును కోరడు. వాన రాగానే పల్లెలోని రైతు చేతులు జోడించుచున్నాడు. అతని కొడుకు పట్టణమున ఆ వానను చూచి భయపడని దినము వచ్చినపుడే మన నగరములు మనుష్యులు నివసింప దగిన తావు లగును.