సముద్రం మీద సెల్ఫ్ కొట్టకపోతే...

రోడ్డు మీద కారు స్టార్టవ్వకపోతే నలుగురూ కలిసి తోస్తారు. తీరానికి అరవై కిలోమీటర్ల అవతల, అర్ధరాత్రి వేళ, బోటులో సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుందనుకోండి... ఎవరు తోస్తారు?

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం... ఏ హార్బరు నుంచి వేటకెళ్లే మరబోటుకైనా డీజిల్ ఎంత ముఖ్యమో బ్యాటరీ అంత ముఖ్యం. ఇంజిన్ని లేపేది అదే. దారి చూపే జీపీఎస్, చేపల జాడ చెప్పే ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ సెట్టు, రాత్రంతా వెలిగే లైట్లు... అన్నీ దాని మీదే. అసలు చిక్కూ ఇక్కడే ఉంది. అది దిగిపోతే ఇంజినొక్కటే ఆగదు, సాయం కోసం పిలిచే నోరూ మూతపడుతుంది. కోస్టుగార్డు వాళ్ల 1554 నంబరు ఉంది నిజమే. కానీ సెల్‌ఫోన్ సిగ్నల్ ఒడ్డుకు కాస్త దూరం వెళ్లగానే మాయమవుతుంది. ఆపదలో వాడే వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్‌లో మాట్లాడాలన్నా కరెంటు కావాలి. లైట్లు ఆరిన బోటు అటుగా వచ్చే పెద్ద ఓడ కంటికీ ఆనదు.

రెండో బ్యాటరీ పెట్టుకుంటే సరి అనుకుంటాం. అంత తేలిక కాదు. రెండింటి ప్లస్సునూ ప్లస్సుకు, మైనస్సునూ మైనస్సుకు కలిపేసి వదిలేస్తే అవి రెండు కావు, పెద్దదైన ఒక్క బ్యాటరీ. దిగితే రెండూ కలిసే దిగుతాయి. కావలసింది ఎక్కువ కరెంటు కాదు... ఒకదాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఉంచడం.

దీనికో లెక్కుంది. ఇంజిన్ లేవడానికి సుమారు 300 ఆంపియర్లు కావాలనుకోండి. వినడానికి భయమేస్తుంది గానీ మూడు సెకన్ల పనే. గంటల్లోకి మారిస్తే పావు ఆంపియర్-అవర్! అదే లైట్లు, జీపీఎస్, ఫిష్ ఫైండర్, వైర్‌లెస్ కలిపి ఆరు ఆంపియర్లే లాగినా పది గంటల్లో 60 ఆంపియర్-అవర్లు హరీ. నిదానంగా తాగేవాడే కడవ ఖాళీ చేస్తాడు.

అందుకే రెండు పనులకూ రెండు రకాల బ్యాటరీలుంటాయి. కారు బ్యాటరీలో ప్లేట్లు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇస్తుంది గానీ అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ రకం దీనికి తలకిందులు. నెమ్మదిగా, గంటల తరబడి ఇస్తుంది. బోటులో మొదటి రకం సెల్ఫ్‌కి, రెండో రకం మిగతా వాటికి. సీసం-ఆమ్లం బ్యాటరీని సగానికి మించి వాడకపోతే ఎక్కువకాలం మన్నుతుంది కాబట్టి, పై లెక్కకు 100 చాలదు, 150 ఆంపియర్-అవర్లది వేసుకోవాలి. అలలకు ఒరిగినా ఆమ్లం ఒలకని సీల్డు రకమైతే మరీ మంచిది.

రెండింటినీ నింపేది మాత్రం ఇంజిన్‌కున్న ఒకే ఆల్టర్నేటర్. మన మెకానిక్కుల భాషలో డైనమో. మరి ఒకటి నిండేటప్పుడు రెండోదీ నిండాలి, వాడేటప్పుడు మాత్రం విడిపోవాలి. ఎలా? పాత పద్ధతి చేత్తో తిప్పే స్విచ్చి. 'ఒకటి', 'రెండు', 'రెండూ', 'ఆఫ్' అని నాలుగు గుర్తులుంటాయి. ఇంజిన్ ఆపగానే 'రెండూ' నుంచి తిప్పేయాలి. రాత్రంతా వల లాగి ఒళ్లు హూనమైన మనిషికి ఇది గుర్తుంటుందా? పైగా ఇంజిన్ నడుస్తుండగా పొరపాటున 'ఆఫ్'కి తిప్పితే డైనమోలోని డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

నన్నడిగితే ఆటోమేటిక్ రిలేకే ఓటు. వోల్టేజీ సుమారు 13.3 దాటితే, అంటే డైనమో పనిచేస్తోందని తెలియగానే, రెండింటినీ కలుపుతుంది. 12.8కి పడగానే విడదీస్తుంది. ఎవరికీ ఏదీ గుర్తుండక్కర్లేదు. సెల్ఫ్ బ్యాటరీయే పాడైన రోజు కోసం రెండింటినీ చేత్తో కలిపే స్విచ్చి ఒకటి అదనంగా ఉంచుకోవాలి. ఈమధ్య వస్తున్న లిథియం బ్యాటరీని మాత్రం ఈ రిలేతో పాత రకానికి నేరుగా జతచేయకూడదు. మధ్యలో డీసీ-డీసీ చార్జరు ఉండాలి.

ఇక వైర్లు. ఇల్లు కట్టగా మిగిలిన వైరు బోటుకు పనికిరాదు. ఉప్పుగాలికి రాగి నల్లబడి లోపలే తినేస్తుంది. తగరం పూసిన రాగి కేబులే వాడాలి, లావుగా. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అడుగున చేరే నీటిని తోడే పంపుకు మెయిన్ స్విచ్చితో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా లైను ఇవ్వాలి. అందరూ నిద్రపోయినా అది పనిచేయాలి కదా! బ్యాటరీలను కదలకుండా బిగించి, గాలి ఆడే పెట్టెలో పెట్టాలి. చార్జవుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. సముద్రపు నీరు బ్యాటరీలోకి పోతే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. అందుకే పెట్టె అడుగున కాకుండా కాస్త ఎత్తులో ఉండాలి.

(తాడు లాగి ఇంజిన్ లేపే చిన్న ఫైబర్ తెప్పలకు ఈ గొడవంతా లేదు. వాళ్ల అదృష్టం!)

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. వలలు బాగుచేసుకునేదీ, రంగులేసుకునేదీ అప్పుడే. ఈ పనికీ అదే అదను. అమర్చాక జెట్టీ దగ్గరే పరీక్షించవచ్చు. సాయంత్రం ఇంజిన్ ఆపి, లైట్లు, జీపీఎస్, వైర్‌లెస్ అన్నీ తెల్లవార్లూ వేసి ఉంచండి. ఉదయాన్నే సెల్ఫ్ బ్యాటరీకి మీటరు పెట్టండి. 12.6 దరిదాపుల్లో ఉంటే పని సరిగ్గా జరిగినట్టే. 12.2కి దిగిందంటే సగం ఖాళీ అయినట్టు. రెండూ ఎక్కడో కలిసి ఉన్నాయన్నమాట. మెకానిక్కును పిలిపించి, ఆ వైరేదో తేలేదాకా బోటును కదపకండి.