అద్దె వాటాకు తాళమేల?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. వారు నేడుండినచో “అద్దెకిచ్చి చూడు” అను మూడవ మాటను గూడ చేర్చియుందురు. విజయవాడలో గాని, విశాఖపట్టణములో గాని, హైదరాబాదు శివార్లలో గాని యే వీథిని నడచినను, క్రింద యజమాని కాపురముండి పైన ఒకటి రెండు వాటాలు వేసిన యిండ్లు కానవచ్చును. ఆ యజమాను లెవరు? ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, భర్తను గోల్పోయిన యిల్లాలు, పిల్లల చదువులకై ఎకరము పొలమమ్మి పట్టణము చేరిన రైతు. ఇట్టివారిని వందల వాటాలు గల ధనవంతులతో జతగట్టి, అందరిని “యింటి యజమానులు” అను నొక్క పేరనే పిలుచుట మనకు అలవాటైనది. అద్దెకున్నవారి పక్షమున వ్రాయుట అవసరమే. మేమును వ్రాయుచునే యున్నాము. కాని యీ చిన్న యజమాని మొరను గూడ ఆలకింపవలెను గదా.

ముందు లెక్క చూతము. స్థలపు భాగముతో గూడ ఒక వాటా విలువ 40 లక్షల రూపాయలనియు, నెలకు 10 వేలు అద్దె వచ్చుననియు అనుకొందము. ఏటికి 1,20,000 రూపాయలు; అనగా నూటికి మూడు. ఒకరు విడిచిపోయి మరియొకరు చేరు లోపల ఒక నెల అద్దె పోవును: 10 వేలు. ఇంటి పన్ను, నీటి పన్ను 8 వేలు. వెల్ల వేయించుటకు, కుళాయిలకు, మోటారునకు, కారుచున్న పైకప్పునకు 15 వేలు. ఇక మిగులునది 87 వేలు. నూటికి రెండుంబావు రూపాయలకైనను చేరదు. ఆ సొమ్ము బ్యాంకులో వేసికొన్నచో ఇంతకు రెట్టింపునకు పైగా వడ్డీ వచ్చును. స్థలముల వెలలు పెరుగుచున్నవి గదా యని కొంద రందురు. నిజమే, కాని యిల్లమ్ముకొనని వానికి ఆ పెరుగుదల కూడు పెట్టదు, పన్ను మాత్రము పెంచును. ఆంధ్రప్రదేశములో 2021 ఏప్రిలు నుండి ఆస్తి మూల విలువను బట్టియే పన్ను విధించుచున్నారు. అద్దె వచ్చినను రాకున్నను ఆ పన్ను తప్పదు.

ఆదాయము స్వల్పమైనను స్థిరముగా వచ్చినచో చాలునని చిన్న యజమాని తృప్తిపడును. ఆ స్థిరత్వమే లేదు. రెండు నెలలు సక్రమముగా చెల్లించినవాడు మూడవ నెలలో జీతము రాలేదనును. ఆరవ నెలలో తలుపే తీయడు. కరెంటు బిల్లు బాకీ పడినచో మీటరు యజమాని పేరనే యుండును గనుక బాకీయు నతనిదే యగును. పెద్ద కంపెనీలవారికి వకీళ్లుందురు, గుమాస్తాలుందురు. మన ఉపాధ్యాయుని కెవరున్నారు? మందులకు, మనుమని ఫీజునకు ఆ పదివేలే ఆధారము.

చట్టము లేదా యందురేమో. చట్టములు కలవు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అద్దెలు మితిమీరినపుడు పుట్టిన కట్టడి, 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల అద్దె నియంత్రణ చట్టముగా స్థిరపడెను. అద్దె ఎగవేసిన వానిని ఖాళీ చేయించుటకు, యజమానికి స్వంత కాపురమునకు ఇల్లు కావలసినపుడు తిరిగి పొందుటకు అందు మార్గము కలదు. మార్గము కలదు గాని గమ్యము చేరు గడువు లేదు. వాయిదా వెంట వాయిదా, అప్పీలు వెంట అప్పీలు. ఓడినవాడు కోర్టులో ఏడ్చె, గెలిచినవాడు ఇంటికి వచ్చి యేడ్చె నను సామెత యిచ్చట అక్షరాల నిజమగుచున్నది. బొంబాయి అద్దె చట్టము విషయమున 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, కాలముతో మారక ఘనీభవించిన అద్దెలు న్యాయసమ్మతములు కావని గుర్తించెను. ఒకనాడు న్యాయమైన కట్టుబాటు మరియొకనాడు అన్యాయమగుట యిట్లే.

న్యాయము జాగగుటచే భయము పెరిగినది. భయముచే వదంతులు పెరిగినవి. పండ్రెండేండ్లు అద్దెకున్నవానికి ఇల్లు దక్కునను మాట ఊరూర వినబడుచున్నది. ఇది వట్టి అపోహ. పండ్రెండేండ్ల గడువు, యజమాని హక్కును ధిక్కరించి స్వంతదారుగా అనుభవించువానికి సంబంధించినది. అనుమతితో ప్రవేశించి అద్దె చెల్లించువాడు ఎన్నేండ్లున్నను అద్దెదారుడే. అట్లే, ఏడాదికి మించిన కౌలు పత్రమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము చెప్పుచుండగా, ఆ ఖర్చును తప్పించుకొనుటకై పదునొకండు నెలల కాగితము వ్రాసికొనుట ఆచారమైనది. పలువురు అదియును వ్రాసికొనరు. మాట మీదనే తాళపు చెవి యిచ్చి, తగవు వచ్చినపుడు సాక్ష్యమునకై వెదకుదురు.

ఈ భయముల ఫలితమేమి? 2011 జనాభా లెక్కలలో దేశపు పట్టణములందు ఒక కోటి పదకొండు లక్షల యిండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. పట్టణ గృహములలో అద్దెవాటి పాలు 1961లో నూటికి 54 ఉండగా, 2011 నాటికి 28కి దిగెను. ఈ ఖాళీలకు, ఈ తరుగుదలకు కారణము లనేకములు. వానిలో చిన్న యజమాని భయమొకటి. అద్దెకిచ్చి కోర్టుల చుట్టు తిరుగుటకంటె తాళము వేసికొనుట మేలని యతడు తలచుచున్నాడు. ఆ తాళము వలన అతనికి అద్దె లేదు. పల్లె నుండి ఉద్యోగమునకు వచ్చిన యువకునికి నీడ లేదు. ఇరువురును నష్టపోవుచున్నారు.

యజమానుల దోషములను మేము కప్పిపుచ్చము. రశీదు ఇయ్యనివారు, వెల్ల ఖర్చు పేర అడ్వాన్సు నంతయు మ్రింగువారు, పొమ్మని చెప్పలేక నీరు కట్టివేయువారు మనలో లేరా? అన్నింటికంటె సిగ్గుచేటైన దొకటి కలదు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను, గుమ్మములో నిలిచిన వానిని “మీరేమిట్లు?” అని కులమడుగుట మానలేదు. మతమును బట్టి కాదనుట మానలేదు. పనిచేయు చోటు విచారింపరు, పూర్వపు యింటివారి మాట కనుగొనరు. కులము తెలిసినచో చాలునందురు. కులము అద్దె చెల్లింపదని అనుభవించినవారికి మేము చెప్పనక్కరలేదు.

కావున మా సూచన యిది. కేంద్ర మంత్రివర్గము 2021 జూనులో ఆమోదించిన మాదిరి అద్దె చట్టములో వ్రాతపూర్వకమైన ఒప్పందము తప్పనిసరి. నివాస గృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. గడువు దాటినను కదలనివాడు తొలి రెండు నెలలు రెట్టింపు, తరువాత నాలుగు రెట్లు చెల్లింపవలెను. తగవులకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెను. ఇరువురకును రక్ష గల పద్ధతి యిది. కాని చట్టము కాగితము మీద నుండిన చాలదు. ప్రతి పట్టణమునందును ఆ న్యాయస్థానము తెరచియుండవలెను. నిర్ణీత దినములలో తీర్పు చెప్పవలెను. వకీలు లేకయే ఒక వృద్ధురాలు తన మొర విన్నవించుకొనగలుగవలెను. యజమానులును తమ వంతు చేయవలెను: ఒప్పందము వ్రాయుడు, ప్రతి నెలయు రశీదిండు, వాటాకు వేరు మీటరు పెట్టించుడు, ఇల్లప్పగించునాటి స్థితిని ఇరువురి సంతకములతో నమోదు చేసికొనుడు.

నమ్మకము మంచిదే. కాని కాగితము, సకాల న్యాయము తోడులేని నమ్మకము మొదటి తగవుతోనే చచ్చును. ఆ రెండును సమకూడిననాడు మన వీథులలో తాళము పడిన పైవాటాలు తెరచుకొనును. అంతవరకు ఆ తాళపు కప్పలను జూచి యజమానిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.