తేలకముందే చెప్పాలి

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. అసలే కరోనా కాలం. ఏలూరు ఎమ్మెల్యే ఆళ్ల నానియే అప్పుడు ఆరోగ్య మంత్రి కూడా కనుక, పరీక్షలు చేయించే అధికారం, ఓటర్లకు కబురు చెప్పాల్సిన బాధ్యత ఒక్కరివే అయ్యాయి. ముందు తాగునీటి మీద అనుమానం, తర్వాత రక్తంలో సీసం, నికెల్, ఆపైన పురుగుమందుల అవశేషాలు: కారణం మారుతూ వచ్చింది. పరిశోధన అంటే అంతే, అందులో తప్పు లేదు. తేలకుండా చెబితే జనం బెదిరిపోతారన్న వాదనే నాకు మింగుడుపడదు. నాయకుడు ఊరుకుంటే వాట్సాప్ ఊరుకుంటుందా? పైగా ఏలూరు మీదుగా పారే తమ్మిలేరు కొల్లేరు సరస్సులోనే కలుస్తుంది. ఆ సరస్సులోని కొల్లేటికోట కైకలూరు నియోజకవర్గంలోది, అప్పట్లో జిల్లా కూడా వేరు. అక్కడి చేపలవాళ్లు ఏలూరు ఓటర్లు కారు గానీ, ఏలూరు నీళ్లు మాత్రం వాళ్లకూ వస్తాయి. కబురూ అంతదూరం వెళ్లాలి. ఎమ్మెల్యే డాక్టరు కాదు కదా అంటారు. నిజమే, కానీ ఏ పరీక్ష ఫలితం ఎప్పుడొస్తుందో, అందాకా ఏ నీళ్లు తాగాలో చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు.